కంపెనీ మరమ్మతు పనికి ఏ సర్టిఫికెట్ విలువ ఎంత?

అనకాపల్లి: పదో తరగతి ఫలితాలు వెలువడగానే జిల్లాలోని పల్లెల్లో ఏటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది. కుర్రవాడిని ఏ చదువులో పెడితే కంపెనీలో పని దొరుకుతుంది? పరవాడలో సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఫార్మాసిటీ ఉన్నాయి. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. నక్కపల్లి వద్ద బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పొగగొట్టాలు కళ్లెదుటే కనిపిస్తున్నా, గేటు దాటించే కాగితం ఏదో చాలామంది తల్లిదండ్రులకు తెలియడం లేదు.

ఈ తెలియనితనమే కొందరికి వ్యాపారమయింది. పదిహేను రోజుల్లో ‘లెవెల్ టూ’ అని ఒకరు, అంతర్జాతీయ సర్టిఫికెట్ అని ఇంకొకరు, ఉద్యోగం ఖాయమని మరొకరు గోడల మీద కాగితాలు అంటిస్తున్నారు. ఫీజు వేలల్లో ఉంటుంది. చెరకు డబ్బులో, ఆవును అమ్మిన డబ్బులో తెచ్చి కట్టేవారున్నారు. తీరా ఆ కాగితం పట్టుకుని కంపెనీకి వెళితే, ఇది మాకు అక్కర్లేదని చెప్పి హెల్పరు పనికి రమ్మంటారు.

సర్టిఫికెట్లన్నీ ఒకే జాతివి అనుకోవడం వల్లే ఈ చిక్కు వస్తోంది. యంత్రాల నిర్వహణ, మరమ్మతు విభాగంలో చెల్లే కాగితాలు స్థూలంగా నాలుగు రకాలు. చదువుకున్నాడని చెప్పేది ఒకటి. పనిలో ఉండి నేర్చుకున్నాడని చెప్పేది రెండోది. ఫలానా పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి మూడోది. ఫలానా నేర్పు ఉన్నదని పరీక్ష పెట్టి ఒక సంస్థ చెప్పేది నాలుగోది. ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తప్పితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

మరమ్మతు చిన్న పని కాదు

కంపెనీల్లో ‘మెయింటెనెన్స్’ అనే మాట వింటే నూనె మరకల బట్టలు, చేతిలో పానా గుర్తుకు రావడం సహజం. కాని ఆ విభాగం మీద ఎంత భారం ఉన్నదో ఈ ప్రాంత ప్రజలకు చెప్పనక్కర్లేదు. విశాఖపట్నం వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. అక్కడి ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగాన మాత్రమే ఉన్నదనీ, పైభాగం ఎంత వేడెక్కిందో తెలిసే వీలు లేకపోయిందనీ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఒక ఔషధ కంపెనీలో ద్రావకం లీకై, ఆవిరి అంటుకుని పేలుడు జరిగింది. 17 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఈ దుర్ఘటనలు ఫలానా వారికి సర్టిఫికెట్ లేనందువల్ల జరిగాయని చెప్పడానికి లేదు. అయితే పైపులు, వాల్వులు, కొలిచే పరికరాలు, వాటిని చూసే మనుషులు సరిగా ఉండడం మీదనే లోపల పనిచేసేవారి ప్రాణాలూ, చుట్టుపక్కల ఊళ్ల ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయన్నది వీటివల్ల స్పష్టమవుతోంది.

మరమ్మతు వేరు, ముందుజాగ్రత్త వేరు. పొలంలో మోటారు కాలిపోయాక రీవైండింగుకు ఇవ్వడం ఒక పద్ధతి. బేరింగు మోత మారిందని చెవికి తెలియగానే ఆపి, దాన్ని మార్చడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో ఖర్చు తక్కువ, నీరు కట్టడం ఆగదు. పెద్ద పరిశ్రమల్లో ఈ రెండో పద్ధతినే ఒక శాస్త్రంగా పెంచారు. యంత్రం అదురును పరికరంతో కొలుస్తారు. నూనె నమూనా తీసి అందులో లోహపు పొడి ఉన్నదేమో చూస్తారు. వెల్డింగు అతుకు లోపల పగులు ఉన్నదేమో శబ్ద తరంగాలతో పరీక్షిస్తారు. యంత్రం ఎంతకాలం నమ్మకంగా నడుస్తుందో లెక్క కట్టే ఈ పనిని ‘రిలయబిలిటీ’ అంటారు. సర్టిఫికెట్ల సంఖ్య పెరగడానికి ఇదొక కారణం.

మొదటిది: చదువు కాగితం

పదో తరగతి తరువాత దగ్గరి దారి ఐ.టి.ఐ. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కోర్సులు రెండేళ్లు. వెల్డర్ కోర్సు ఒక ఏడాది. దీనికి ఎనిమిదో తరగతి పాసయినా చాలు. ఔషధ, రసాయన కంపెనీలు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాకు పనికివచ్చే ట్రేడులు మరికొన్ని ఉన్నాయి. రసాయన కర్మాగారాల అటెండెంట్ ఆపరేటర్, రసాయన కర్మాగారాల మెయింటెనెన్స్ మెకానిక్ అనేవి వాటిలో ముఖ్యం. ఇవి అన్ని ఐ.టి.ఐ.లలో ఉండవు. వీటి పేర్లే చాలామంది విద్యార్థులకు తెలియవు.

ఐ.టి.ఐ.లో చేరేముందు ఒక్క విషయం చూసుకోవాలి. ఆ సంస్థలో ఆ ట్రేడుకు కేంద్ర ప్రభుత్వ శిక్షణ డైరెక్టరేట్ జనరల్, అంటే డి.జి.టి., గుర్తింపు ఉన్నదా లేదా? సంస్థకు గుర్తింపు ఉన్నదని చెప్పి ఊరుకుంటే చాలదు. చేరబోయే ట్రేడుకు ఉండాలి. ఈ గుర్తింపుతో పాసయిన వారికి వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఎక్కువగా దీన్నే.

దీనికి పైమెట్టు పాలిటెక్నిక్ డిప్లొమా. పాలిసెట్ రాసి చేరాలి, మూడేళ్ల చదువు. ఐ.టి.ఐ. ఫిట్టర్ పానా పట్టి పని చేస్తే, డిప్లొమా చదివినవాడు సూపర్‌వైజరుగా పని చేయించే స్థానానికి పోటీ పడతాడు. ఐ.టి.ఐ. చదివినవారు అక్కడితో ఆగిపోనక్కర్లేదు. బ్రిడ్జి కోర్సు పరీక్షలో నెగ్గితే డిప్లొమా రెండో సంవత్సరంలోనే చేరవచ్చు. డిప్లొమా తరువాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మెట్టు మెట్టుగా పోయే ఈ దారి ఉన్నదని తెలియక, ఐ.టి.ఐ. అంటే చదువు ముగిసినట్టే అనుకుని చిన్నచూపు చూసేవారు ఇంకా ఉన్నారు.

రెండోది: పని కాగితం

బడిలో నేర్చిన ఫిట్టింగు ఒకటి, నడుస్తున్న కంపెనీలో పంపు విప్పి బిగించడం మరొకటి. ఈ తేడాను పూడ్చడానికే 1961లో అప్రెంటిస్‌ల చట్టం చేశారు. ఐ.టి.ఐ. పాసయినవారు కంపెనీలో అప్రెంటిస్‌గా చేరితే నెలనెలా స్టైపెండు ఇస్తారు. గడువు పూర్తయ్యాక అఖిల భారత పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకు మించి పనివారున్న సంస్థ ఏదయినా అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. మొత్తం పనివారిలో వారి వంతు 2.5 శాతం నుంచి 15 శాతం దాకా ఉండాలి. అంటే జిల్లాలో మోస్తరు కంపెనీలు కూడా దీని కిందికి వస్తాయి. విశాఖలోని నౌకాదళ డాక్‌యార్డుకు అప్రెంటిస్ పాఠశాలే ఉంది. డిప్లొమా, ఇంజనీరింగ్ చదివిన వారికి చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు ద్వారా ఏడాది శిక్షణ వేరే ఉంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. అప్రెంటిస్‌గా చేర్చుకున్న కంపెనీ ఉద్యోగం కూడా ఇవ్వాలన్న నిర్బంధం లేదు. అయినా ఈ సర్టిఫికెట్ విలువ తగ్గదు. పెద్ద పరిశ్రమల్లో రోజుల తరబడి యంత్రాల మధ్య పనిచేశాడనడానికి ఇది సాక్ష్యం. ఫీజు కట్టకుండా, పైగా స్టైపెండు తీసుకుంటూ సంపాదించే సర్టిఫికెట్ ఇది. అలాంటిదాన్ని వదిలి, డబ్బు పోసి పదిహేను రోజుల కోర్సులో చేరడం వరుస తప్పిన పని.

మూడోది: చట్టం అడిగే కాగితం

చదువున్నా, అనుభవమున్నా అనుమతి లేనిదే చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. వీటిలో మొదటిది బాయిలర్. చెరకు మిల్లు అయినా, మందుల కంపెనీ అయినా ఆవిరి లేనిదే నడవదు. ఆ ఆవిరి పుట్టించే బాయిలర్‌ను యోగ్యతా సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ చేతిలోనే ఉంచాలి. ఈ సర్టిఫికెట్లలో మొదటి తరగతి, రెండో తరగతి అని రెండున్నాయి. బాయిలర్ దగ్గర పనిచేసిన అనుభవం చూపించి, బాయిలర్ల శాఖ ఏర్పాటు చేసే పరీక్షల బోర్డు ముందు నెగ్గాలి. వేడెక్కే ఉపరితలం 1000 చదరపు మీటర్లు దాటిన పెద్ద బాయిలర్లకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు ఉండాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా, అర్హత ఉన్నవారి చేతిలోనే బాయిలర్ ఉండాలన్న సూత్రం మారలేదు.

రెండోది వెల్డింగు. గేటు అతికే వెల్డరు, బాయిలర్ గొట్టం అతికే వెల్డరు ఒకటి కాదు. బాయిలర్ నిబంధనల కింద పరీక్ష నెగ్గిన వెల్డరే బాయిలర్‌లోని పీడన భాగాల మీద చేయి వేయాలి. ఆ అనుమతికి గడువు ఉంటుంది. అది దాటితే మళ్లీ చూపించుకోవాలి.

మూడోది విద్యుత్తు. ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ చదువుకు గుర్తు మాత్రమే. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ యోగ్యతా సర్టిఫికెట్, కాంట్రాక్టర్ లైసెన్సు అనేవి విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇవ్వాలి. నాలుగోది రేడియోగ్రఫీ. అతుకుల లోపలి భాగాన్ని రేడియో ధార్మిక కిరణాలతో ఫోటో తీసే ఈ పనిని అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన శిక్షణ లేనివారు చేయకూడదు.

ఈ రకం సర్టిఫికెట్ల ప్రత్యేకత ఏమిటంటే, వీటిని కంపెనీ తనకు ఇష్టమయితే అడగడం, కాకుంటే మానేయడం కుదరదు. చట్టం కోసం ఆ మనిషి ఉండి తీరాలి. అందువల్ల ఇవి ఉన్నవారికి గిరాకీ స్థిరంగా ఉంటుంది. విచిత్రమేమిటంటే గోడల మీద ప్రకటనలు లేనివి కూడా ఇవే. వీటిని శిక్షణ కేంద్రాలు అమ్మలేవు. ప్రభుత్వ బోర్డు ముందు నిలబడి సంపాదించుకోవలసినవి.

నాలుగోది: నేర్పును పరీక్షించే కాగితం

మోసాలకు ఎక్కువ అవకాశం ఉన్నది ఈ రకంలోనే. దీనికి మంచి ఉదాహరణ ఎన్.డి.టి. లోహాన్ని కోయకుండా, విరవకుండా లోపల లోపం కనిపెట్టే పరీక్షలకు ఆ పేరు. ఇందులో లెవెల్ వన్, టూ, త్రీ అని మూడు మెట్లు. గల్ఫ్‌లోని చమురు కంపెనీల్లో లెవెల్ టూ వారికి పని ఉంటుందన్న మాట నిజమే. అయితే ఏ లెవెల్ టూ?

ఈ సర్టిఫికెట్లు రెండు పద్ధతుల్లో ఇస్తారు. ఒకటి అమెరికాలోని ఎన్.డి.టి. సంఘం తయారు చేసిన ఎస్.ఎన్.టి.-టి.సి.-1ఎ అనే విధానం. దీని ప్రకారం శిక్షణ, అనుభవం, పరీక్ష మూడూ చూసి సర్టిఫికెట్ ఇచ్చేది పనిలో పెట్టుకున్న యజమాని. ఆ కంపెనీ వదిలితే ఆ సర్టిఫికెట్ కాలం తీరినట్టే. కొత్త కంపెనీ తన పద్ధతిలో మళ్లీ పరీక్షించి ఇవ్వాలి. కోర్సు చెప్పిన కేంద్రం యజమాని కాదు గనుక, అది ఇచ్చే ‘లెవెల్ టూ’ కాగితం శిక్షణ పొందినట్టు సాక్ష్యంగా పనికివస్తుందే తప్ప, దానంతట అది పూర్తి అర్హత కాదు. పని అనుభవం లేని కుర్రవాడికి పదిహేను రోజుల్లో అది ఎలా వస్తుంది?

రెండోది ఐ.ఎస్.ఓ. 9712 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఇందులో శిక్షణ కేంద్రానికీ, యజమానికీ సంబంధం లేని మూడో సంస్థ పరీక్ష పెడుతుంది. ఇక్కడా అనుభవం చూపించాలి. అయిదేళ్ల గడువు ఉంటుంది. కంపెనీ మారినా సర్టిఫికెట్ మనిషి వెంటే ఉంటుంది. మన దేశంలో ఈ విద్యకు చెన్నై కేంద్రంగా ఐ.ఎస్.ఎన్.టి. అనే సంఘం పనిచేస్తోంది. ఫీజు కట్టేముందు ‘మీరిచ్చేది ఈ రెండింటిలో ఏది?’ అని అడిగితే చాలు, సగం సంగతి బయటపడుతుంది.

యంత్రాల అదురును కొలిచే విద్యకు ఐ.ఎస్.ఓ. 18436 ప్రమాణం రెండో భాగంలో నాలుగు తరగతులున్నాయి. మొదటి తరగతికి 6 నెలలు, రెండోదానికి 18, మూడోదానికి 36, నాలుగోదానికి 60 నెలల అనుభవం ఉండాలంటుంది. అనుభవం ముందు, సర్టిఫికెట్ తరువాత అన్న వరుస ఇక్కడ అంకెల్లోనే ఉంది.

ఇంజనీర్లకు పనికివచ్చేవి

ఇంకా పైస్థాయిలో సి.ఎం.ఆర్.పి. అనే సర్టిఫికెట్ పేరు ఇటీవల ఎక్కువగా వినిపిస్తోంది. అమెరికాలో 1992లో ఏర్పడిన నిర్వహణ, రిలయబిలిటీ నిపుణుల సంఘం దీన్ని ఇస్తుంది. రెండున్నర గంటల్లో 110 ప్రశ్నలకు జవాబు రాయాలి. యంత్రాల సంగతే కాదు, పని ప్రణాళిక, ఖర్చు లెక్కలు, మనుషులను నడిపించడం, వ్యాపార నిర్వహణ మీద కూడా ప్రశ్నలుంటాయి. రాయడానికి ఇంత చదువు ఉండాలన్న నిబంధన లేదు. మూడేళ్లకోసారి, ఈ మధ్యలో 50 గంటలు కొత్త విషయాలు నేర్చినట్టు చూపించి గాని, మళ్లీ పరీక్ష రాసి గాని కొనసాగించుకోవాలి. కింది స్థాయి సాంకేతిక పనివారి కోసం ఇదే సంఘం సి.ఎం.ఆర్.టి. అనే మరో పరీక్ష పెడుతోంది.

అమెరికన్ నాణ్యతా సంఘం ఇచ్చే రిలయబిలిటీ ఇంజనీరు సర్టిఫికెట్ దారి వేరు. దానికి ఎనిమిదేళ్ల ఉద్యోగానుభవం కావాలి. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే అందులో నాలుగేళ్లు తగ్గిస్తారు. ఒకటి నిర్వహణ విభాగాన్ని నడిపేవారికి, మరొకటి లోపాల లెక్క కట్టేవారికి అనుకూలం.

రాయడానికి అడ్డు లేదు కదా అని ఐ.టి.ఐ. పాసయిన వెంటనే ఇలాంటి పరీక్షలకు డబ్బు కట్టడం తొందరపాటే. ప్లాంటులో అయిదారేళ్లు పనిచేసి, సూపర్‌వైజరు స్థాయికి చేరినవారికి ఇవి ఒక మెట్టు ఎక్కిస్తాయి. బహుళజాతి కంపెనీల్లో, విదేశాల్లో పనిచేసే ఇంజనీర్లకు గుర్తింపు తెస్తాయి. కాని వీటిలో ఏదీ ప్రభుత్వ లైసెన్సు కాదు. సి.ఎం.ఆర్.పి. ఉన్నంత మాత్రాన బాయిలర్ దగ్గర నిలబడే హక్కు రాదు. బాయిలర్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన విభాగాన్ని నడిపే నేర్పు వచ్చినట్టూ కాదు.

హాజరు కాగితం, పరీక్ష కాగితం

ఈ నాలుగు రకాలకూ బయట మరో గుంపు ఉంది. రెండు రోజులో, రెండు వారాలో క్లాసులో కూర్చున్నందుకు ఇచ్చే కాగితాలు ఆ కోవలోవి. రంగు ముద్రలు, ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువగా కనిపించేవి వీటి మీదనే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేర్చుకున్నది వృథా కాదు గాని, కూర్చున్నందుకు ఇచ్చే కాగితాన్ని నెగ్గినందుకు ఇచ్చే కాగితంగా చూపించి డబ్బు తీసుకోవడం మాత్రం మోసమే.

ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? పాఠం చెప్పేవారూ, పరీక్ష పెట్టేవారూ ఒకరేనా, వేరువేరా? దీని గడువు ఎంత? జిల్లాలో ఏ కంపెనీ తన ఉద్యోగ ప్రకటనలో దీన్ని అడిగింది? నాలుగో ప్రశ్నకు కాగితం మీద రుజువు చూపించలేనిచోట డబ్బు కట్టకపోవడమే మేలు. ఐ.టి.ఐ., అప్రెంటిస్ సర్టిఫికెట్లు అసలువో కావో ఇంటర్నెట్‌లో సరిచూసుకునే వీలుంది. అంతర్జాతీయ పరీక్షలు నెగ్గినవారి వివరాలు కూడా ఆయా సంస్థల దగ్గర సరిచూసుకోవచ్చు. ఎక్కడా సరిచూసుకునే దారి లేని సర్టిఫికెట్‌ను కంపెనీ కూడా నమ్మదు.

అనుభవానికి కాగితం ఏది?

ఇంతవరకు చదువుకున్న కుర్రవాళ్ల సంగతి. జిల్లాలో ఇంకో వర్గం ఉంది. పదేళ్లు, పదిహేనేళ్లుగా కాంట్రాక్టర్ల కింద కంపెనీల్లో పంపులు విప్పి, బేరింగులు మార్చి, గొట్టాలు బిగిస్తున్నవారు. షట్‌డౌన్ వచ్చిందంటే వీరు లేనిదే పని సాగదు. కాని చేతిలో కాగితం ఉండదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మళ్లీ హెల్పరుగానే మొదలు. కనీస వేతనాల్లో నిపుణ కార్మికుడికి ఒక రేటు, అర్ధ నిపుణుడికి ఒక రేటు, నైపుణ్యం లేనివారికి ఒక రేటు ఉన్నాయి. పని ఫిట్టరుది చేయించుకుని, రిజిస్టరులో హెల్పరు అని రాసినప్పుడు ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విషయంలో ఒక మార్పు వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం పనివారికి నియామక పత్రం ఇవ్వాలి. వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి మరో మాట చెప్పింది. కాంట్రాక్టు కార్మికుడు అడిగితే, తాను చేసిన పని వివరాలతో కాంట్రాక్టరు అనుభవ సర్టిఫికెట్ ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులున్న చోట ఇది వర్తిస్తుంది. అయితే ‘అడిగితే’ అన్న మాటను గమనించాలి. అడగనివారికి ఎవరూ తెచ్చి ఇవ్వరు. బాయిలర్ పరీక్షకూ, ఎన్.డి.టి.కీ, అదురు కొలిచే పరీక్షకూ మొదట అడిగేది అనుభవం రుజువే. అది లేక ఆగిపోయినవారికి ఈ ఒక్క కాగితం మిగతా తలుపులు తెరుస్తుంది. ప్రావిడెంట్ ఫండు ఖాతా నంబరు, జీతం చీటీలు కూడా భద్రంగా దాచుకోవాలి. ఎక్కడ, ఎంతకాలం పనిచేశారో చెప్పే సాక్ష్యాలవి.

బడికి పోకుండా చేతిపనిగా నేర్చుకున్నవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. పూర్వ అభ్యాసానికి గుర్తింపు అని దీని పేరు. రెండేళ్ల ఐ.టి.ఐ.కి ఇది సమానం కాదు. అయినా ఏ కాగితమూ లేనివారికి మొదటి మెట్టుగా పనికివస్తుంది.

కంపెనీలు, అధికారులు చేయవలసింది

తప్పంతా శిక్షణ కేంద్రాల మీద నెట్టి లాభం లేదు. నిర్వహణ విభాగంలో ఏ పనికి ఏ సర్టిఫికెట్ కావాలో కంపెనీలు స్పష్టంగా ప్రకటిస్తే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. ఇప్పుడు ఆ సమాచారం కాంట్రాక్టరుకు తెలుసు, మధ్యవర్తికి తెలుసు. భూమి ఇచ్చిన ఊరివారికి తెలియదు. ప్రతి కంపెనీ తన గేటు దగ్గరా, చుట్టుపక్కల గ్రామ సచివాలయాల్లోనూ తెలుగులో ఒక జాబితా పెట్టడానికి అయ్యే ఖర్చు ఏపాటిది? తాము ఎందరు అప్రెంటిస్‌లను తీసుకోవాలో, ఎందరిని తీసుకున్నారో కూడా అందులోనే రాయవచ్చు.

జిల్లా ఉపాధి శాఖ, ఐ.టి.ఐ.లు పదో తరగతి ఫలితాలకు ముందే ఉన్నత పాఠశాలల్లో ఈ నాలుగు రకాల తేడా చెప్పే సభలు పెట్టాలి. రసాయన కర్మాగారాల నిర్వహణకు సంబంధించిన ట్రేడులు పరిశ్రమలకు దగ్గరి ఐ.టి.ఐ.లలో పెంచాలి. బాయిలర్ అటెండెంట్ పరీక్షల ప్రకటన ఎప్పుడు వచ్చిందో, దరఖాస్తు గడువు ఎప్పుడో పల్లెలకు చేరేలా చూడాలి.

ఇవి జరిగేలోపు కుటుంబాలు పాటించవలసిన వరుస ఒకటే. మొదట గుర్తింపు ఉన్న ఐ.టి.ఐ. గాని డిప్లొమా గాని. తరువాత అప్రెంటిస్‌షిప్. పనిలో చేరాక అనుభవానికి కాగితం. దాని ఆధారంతో చట్టం అడిగే అనుమతి. ప్రత్యేక పరీక్షలు, అంతర్జాతీయ సర్టిఫికెట్లు ఆ తరువాత. వాటి ఫీజు కూడా వీలయితే కంపెనీ చేతే కట్టించుకోవాలి. నేర్పు పెరిగితే లాభపడేది కంపెనీ కూడా కదా.